నడిపోళ్ల ఇంటిపేర్లు అడిగి రాసిన గంగాదాస్ గారు

1989 జులై మూడో తేదీన శ్రీ గంగాదాస్ గారు ఆర్మూరులోని మన పసుపు రైతుల సహకార యార్డులో గేటు కాపలాదారుగా విధుల్లో చేరారు. నందిపేట్ నుంచి తొలి బస్సుకు వచ్చి, పసుపు బండ్లను వరుసలో నిలబెడుతూ, ఏ రైతు ఏ ఊరివారో ముఖం చూసి చెప్పగలిగేంతగా ఆ పనిలో ఆరితేరారు.

1996లో వారిని వేలం పిలిచే పనికి ఎంపిక చేశారు. కుప్ప దగ్గర నిలబడి రైతు ఊరు, పేరు, వ్యాపారులు చెప్పిన ధర పైకి పిలవడం ఆ పని. మైకు లేకుండానే వారి పిలుపు ఆ చివరనున్న కాంటా దాకా వినిపించేది. మన ప్రాంతంలో అన్నదమ్ములందరికీ ఒకే దేవుని పేరు పెట్టుకోవడం ఉంది. పెద్ద భూమన్న, నడిపి భూమన్న, చిన్న భూమన్నల కుప్పలు పక్కపక్కనే ఉన్నా, గంగాదాస్ గారు పిలిస్తే ఒకరికి బదులు మరొకరు ఎన్నడూ లేచి రాలేదు.

2018లో కొనుగోళ్లు ఆన్‌లైన్‌కు మారాయి. వ్యాపారులు ఫోన్లలోనే ధర వేయసాగారు. మొదటి రోజు గంగాదాస్ గారు అలవాటుగా మొదటి కుప్ప దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. వెనుక వ్యాపారులెవరూ రాలేదు.

“ఏం దాసన్నా, గొంతు కూసున్నదా?” అని హమాలీ ఏసయ్య అడిగారు.

“గొంతు మంచిగనే ఉన్నది ఏసయ్యా. పిలుసుడే పోయింది.”

కార్యదర్శి శ్రీ ప్రేమ్‌చంద్ గారు వారిని రైతుల వివరాలు నమోదు చేసే కంప్యూటరు గదికి మార్చారు. ఉగాదిలోగా పని రాకపోతే ముప్కాల్ గోదాముకు కాపలాకు పంపక తప్పదని కూడా చెప్పారు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట మొదలుపెట్టిన పనికే తిరిగి పోవలసి వస్తుందన్న దిగులు గంగాదాస్ గారిని పట్టుకుంది. తన కూతురి కన్నా చిన్నవారైన ఆపరేటర్ లిదియా గారి పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేర్చుకోసాగారు.

తెర మీద పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉండేవి. నడిపి భూమన్న వస్తే, పేరు గడిలో భూమన్న అనీ, ఇంటిపేరు గడిలో నడిపి అనీ కొట్టారు. తర్వాత వచ్చిన ‘పెద్ద’లకూ, ‘చిన్న’లకూ అంతే. మూడు వారాలకు పై కార్యాలయం నుంచి లేఖ వచ్చింది. “మీ యార్డుకు ‘నడిపి’ కుటుంబం వారు నలభై ఆరు మంది, ‘చిన్న’ కుటుంబం వారు యాభై ఇద్దరు పసుపు తెచ్చినట్లున్నది. వివరణ ఇవ్వగలరు.”

కార్యాలయమంతా నవ్వింది. గంగాదాస్ గారు మాత్రం తెల్లకాగితం తీసుకుని, తనను ముప్కాల్‌కే పంపమని దరఖాస్తు రాయడం మొదలుపెట్టారు.

“దాస్ అంకుల్, గా కాయితం తర్వాత రాయుండ్రి. నడిపోళ్లకు ఇంటిపేర్లు ఎవలు రాస్తరు? నాకు భూమన్నలంత ఒక్కతీర్గనే ఉంటరు” అన్నారు లిదియా గారు.

“తప్పు కొట్టినోన్ని నేను బిడ్డా.”

“గందుకే దిద్దేది గూడ మీరే.”

మరునాడు వారు నోటుబుక్కుతో గేటు దగ్గర కూర్చున్నారు. కమ్మర్‌పల్లి నడిపి భూమన్న నవ్వి, “ఇరవై రెండేండ్లు పిలిచినవ్ దాసన్నా, నా ఇంటిపేరే ఎర్కలేదా?” అన్నారు.

“ఎన్నడు అవుసరం పడలే తమ్మీ. గిప్పుడు పడ్డది, జర చెప్పు.”

అలా అడిగి తెచ్చిన పేర్లతో తప్పులన్నీ పన్నెండు రోజుల్లో తామే దిద్దారు. వివరణ కూడా తామే కొట్టారు: “వీరు ఒకే ఇంటివారు కారు. నడిపి అంటే నడుమ పుట్టినవాడు. తప్పు నాది.” ప్రేమ్‌చంద్ గారు సంతకం చేసి, నమోదులో ‘వరుస’ అనే మూడో గడి పెట్టించవలసిందిగా కింద ఒక వాక్యం చేర్చారు. ఆ గడి నేటికీ ఉంది. ముప్కాల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత తూకం మారింది, గేటు చీటీలు మారాయి. ప్రతిసారీ అందరికన్నా ముందు “నాకు రాదు, చెప్పుండ్రి” అన్నది వారే. అడగడానికి జంకే కొత్తవారెందరమో ఆ మాట చాటున పని నేర్చుకున్నాం. ఆ మేలు మరువలేనిది.

ఈ నెల 31న, ఆ కంప్యూటరు గది నుంచే గంగాదాస్ గారు పదవీ విరమణ చేస్తున్నారు. సతీమణి శ్రీమతి ముత్తవ్వ గారితో కలిసి, మోకాళ్ల నొప్పులు దరిచేరని నిండు ఆరోగ్యంతో వారు చిరకాలం చల్లగా ఉండాలి. మాకు రాని పని ఏదైనా వచ్చిపడితే నందిపేట్ వచ్చి అడుగుతాం. చెప్పే ఓపిక వారికి ఎల్లకాలం ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.