తడపని వాన

టీకొట్టు చూరు కింద కూర్చున్నాడన్న మాటేగాని, ఇస్త్రీకొట్టు అతని ప్రాణమంతా ఎదురు మేడ మీదే ఉంది. లాడ్జి దుప్పట్లు అక్కడ తాడు మీద ఆరేశాడు. పొద్దుగూకేలోపు ఇస్త్రీ చేసి అందించకపోతే, రేపటినుంచి ఆ పని మెషీన్ లాండ్రీకి పోతుంది. సరిగ్గా అప్పుడే సన్నగా తుంపర మొదలైంది.

లేవబోతుంటే, పక్కనే కూర్చుని కబుర్లు కోస్తున్న గాలిమామ భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆయనకి మగాళ్లంతా అల్లుళ్లే.

"ఎక్కడికి అల్లుడూ? దీన్ని ఇంగ్లీషులో డ్రిజిల్ అంటారు. రెయిన్ తడుపుతుంది, డ్రిజిల్ నిమురుతుంది. ఇస్త్రీకి ముందు నువ్వు నీళ్లు చిలకరించవూ? ఆ పని ఆకాశం చేసిపెడుతుంటే వద్దంటావేం?"

మాట సబబుగానే తోచింది. అల్లుడు ఆగాడు.

"నేను వాతావరణం ఆఫీసులో అటెండర్‌గా ఉన్నప్పుడు, వాన అంటే జనం తిడతారు, లేదన్నా తిడతారు, రేడియోలో ఏం చెప్పాలో తెలీక ఆఫీసర్లు జుట్టు పీక్కుంటుంటే, కిటికీలోంచి అరచెయ్యి చాపి, డ్రిజిల్ అని రాసుకోండయ్యా అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొరలు ఓడేసుకుని దిగారు! ఆ మాటకి అర్థం మాకే సరిగ్గా తెలీదు, చూపించు బాబూ అని!"

"చూపించావా అన్నయ్యా?" అంది టీకొట్టామె, పాల మీంచి చూపు తిప్పకుండానే.

"చినుక్కీ చినుక్కీ మధ్యనుంచి ఊరంతా నడిచాను, మీసం తడిస్తే ఒట్టు! కేకు మీద తేనె సన్నటి ధారగా పొయ్యడం కూడా డ్రిజిలేగా, అదీ నాచేతే పోయించారు. చెంచాడు తేనె, ఓడంత కేకు! మిగిలింది సముద్రంలో వదిలితే, వారం రోజులు చేపలు తియ్యగా ఉన్నాయని జనం గగ్గోలు!"

చూరు మీద చప్పుడు పెరిగింది. అల్లుడు గ్లాసు కింద పెట్టాడు.

"బావుంది మామా. నీ పట్టుచొక్కా కూడా ఆ తాడు మీదే ఉంది. దాన్నీ కాస్త నిమరనీ."

గాలిమామ దిగ్గున లేచాడు. ఉన్న ఒక్క పట్టుచొక్కా! చెప్పులు వదిలేసి వీధికి అడ్డంపడి పరుగెత్తాడు.

"మధ్యనుంచి అన్నయ్యా, చినుకుల మధ్యనుంచి!" టీకొట్టామె కేకేసింది.

అల్లుడు వెనకాలే మేడెక్కేసరికి, గాలిమామ ఒక్కో దుప్పటీ లాగి మెట్లగదిలోకి విసిరేస్తున్నాడు. తాడు ఖాళీ అయింది. ఆయన తడిసి ముద్దయ్యాడు.

"చొక్కా ఏదిరా?"

అల్లుడు దుప్పటి అంచు నలిపి చూశాడు. కాస్త చెమ్మ, అంతే. ప్రాణం కుదుటపడింది.

"నిన్ననే ఇస్త్రీ చేసి అత్తయ్య చేతికిచ్చాను మామా."