రెండు తుపాకులకూ ఒకటే తూటా

నా పేరు ఓర్ఫా టాకెట్. లెమ్యుయెల్ టాకెట్ భార్యను. వయసు పంతొమ్మిది. టెక్సాస్‌లో డ్రై ఫోర్క్ వాగు ఒడ్డున మా ఇల్లు. ఇంటిపని చేసుకుంటాను, కోళ్ళను, ఒక ఆవును చూసుకుంటాను. మూడు శీతాకాలాలు బడికి వెళ్ళాను. నా గొంతు చిన్నది. వినపడనప్పుడల్లా మేజిస్ట్రేటు బర్డిక్ గారు మళ్ళీ చెప్పమన్నారు, నేను మళ్ళీ చెప్పాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ రోజు, 1884 జూన్ పధ్నాలుగు, శనివారం, నా అంతట నేనే ఈ కోర్టుకు వచ్చాను.

మొన్న గురువారం మధ్యాహ్నం మా నూతి దగ్గర హార్లన్ స్కీల్‌ను కాల్చింది నా భర్త కాదు. నేను.

ముందు తుపాకీ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

నిరుడు పంట కోతలప్పుడు ఈ ఊళ్ళోనే గాంట్ గారి కొట్లో ఆ రైఫిల్ కొన్నాం. నా భర్తకు అంతకుముందే నలభై నాలుగు రకం పిస్తోలు ఉంది. గాంట్ గారు ముందు ఒక పెద్ద తుపాకీ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది తీసుకో లెమ్. అడవిదున్న కూడా కూలుతుంది."

"అడవిదున్నలు ఎక్కడున్నాయండీ? అన్నీ మీరే తినేశారు గదా," అన్నాడు నా భర్త.

కొట్లో అందరూ నవ్వారు. గాంట్ గారిది పెద్ద పొట్ట. పెద్ద తుపాకీ నా చేతికిస్తే నా భుజం కుంగింది. అప్పుడు ఆయన ఈ రైఫిల్ తీశారు. "అయితే ఇది పట్టుకో అమ్మాయీ. కొడితే మీ ఆయన భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది, అంతే," అన్నారు. నేను తల వంచుకున్నాను.

నా భర్త తన నడుం పటకాలోంచి ఒక తూటా తీసి రైఫిల్ పక్కభాగంలో ఉన్న కన్నంలోకి తోశాడు. అది జారిపోయింది. కింద పిడిలా ఉండే లివర్ ఆడించి దాన్ని బయటికి తీసి, పిస్తోలులో పెట్టాడు. అందులోనూ పట్టింది. చిన్నపిల్లవాడిలా మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"చూశావా ఓర్ఫా? ఒకటే తూటా, రెండు నోళ్ళు. చీకట్లో తడుముకున్నా తప్పు పోదు."

మా వైపు గుర్రమెక్కే ప్రతివాడిదీ ఇదే మాట. ఒక్క పెట్టె కొంటే చాలు, ఒక్క పటకా నింపుకుంటే చాలు. రెండు తుపాకులూ ఒక కంచంలో తింటాయి. స్కీల్ దగ్గర ఉన్నవీ అలాంటివే. పిస్తోలు తూటాలో మందు తక్కువ కాబట్టి రైఫిల్ వెనక్కి తన్నదు. గొట్టం పొడుగు కాబట్టి గురి తప్పదు. అందుకే నాకు అదంటే భయం వేయలేదు. నాకు భయం వేయని వస్తువులు తక్కువ.

పీచ్ పళ్ళ ఖాళీ డబ్బాలు కంచె మీద పెట్టి నా భర్త నాకు నేర్పాడు. "కొట్టగానే లివర్ దించు, పేలిన తూటా డొప్ప ఎగిరిపోయి కొత్తది ఎక్కుతుంది. తగిలిందా లేదా అని చూస్తూ నిలబడకు," అనేవాడు. నేను చెయ్యనక్కరలేకుండా నా చెయ్యే చేసేదాకా నేర్పాడు.

ఇక గురువారం సంగతి.

హార్లన్ స్కీల్ మాకు ఉత్తరాన ఉన్న పెద్ద పశువుల కంపెనీ మనిషి. వేసవి మొదలైనప్పటి నుంచీ మా నూతి కోసం పోరు పెడుతున్నాడు. గురువారం భోజనాలయ్యాక నా భర్త పూడిక తీయడానికి నూతిలోకి దిగాడు. చాంతాడు గుంజకు కట్టి దిగాడు. పటకా, పిస్తోలు ఆ గుంజకే తగిలించాడు. నేను గుమ్మం ముందు పందిరి కింద బల్ల మీద రొట్టె పిండి పిసుకుతున్నాను. రైఫిల్ గుమ్మానికి ఆనించి ఉంది. నూతికీ నాకూ మధ్య ఇక్కడి నుంచి ఎదుటి జైలు గుమ్మం ఎంత ఉందో అంత దూరం.

స్కీల్ వచ్చి గుర్రం దిగాడు. నా వైపు చూశాడు. చూసి, లేనట్టే వదిలేశాడు. నూతిలోకి వంగాడు.

"ఏరా టాకెట్, లోపల చల్లగా ఉందా?"

"పైకొచ్చాక మాట్లాడదాం స్కీల్. తాడు జోలికి పోకు," అని నా భర్త లోపల్నుంచి అన్నాడు.

"పైకొస్తే గదా మాట్లాడేది! సగం పని నువ్వే చేసిపెట్టావురా. గొయ్యి తవ్వుకున్నావు, పూడ్చడం ఒక్కటే నాకు మిగిలింది."

నూతి గట్టు మీది రాళ్ళు రెండు కాలితో లోపలికి తోశాడు. నా భర్త అరిచాడు. ఆ అరుపు నేను ముందెప్పుడూ వినలేదు. తర్వాత స్కీల్ కత్తి తీసి చాంతాడు మీద పెట్టి కోయడం మొదలుపెట్టాడు. నవ్వుతూ, మాంసం కోసినట్టు కోశాడు.

నేను పిలిచాను. "స్కీల్ గారూ, వద్దండీ," అన్నాను. ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచాను. తిరగలేదు. నా గొంతు అక్కడిదాకా వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

రైఫిల్ తీసుకున్నాను. గురి కుదరడానికి బల్ల మీద ఆనించాను. చేతుల నిండా పిండి. కొట్టాను. కొట్టగానే నా చెయ్యి లివర్ దించింది. ఖాళీ డొప్ప పైకెగిరింది. ఎక్కడ పడిందో చూడలేదు. స్కీల్ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, పక్కకి ఒరిగాడు. ఆయన టోపీ నూతిలో పడింది.

చాంతాడులో రెండు పురులు తెగాయి. తెగినచోట ముడి వేసి, కొస కంచర గాడిదకు కట్టాను. రక్తం వాసనకు అది కదల్లేదు. నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పి దాని కళ్ళకు కట్టి, బతిమాలి, కొట్టి నడిపించాను. నా భర్త గుండెల దాకా బురదతో పైకొచ్చాడు. స్కీల్‌ను చూశాడు. నన్ను చూశాడు. వెళ్ళి రైఫిల్ తుడిచి గోడకు పెట్టాడు. తర్వాత గుంజ మీది పిస్తోలు తీసి నేల మీదికి ఒకసారి పేల్చాడు.

"విను. కొట్టింది నేను. వాడు కత్తి ఎత్తాడు, ఎదురుగా నిలబడి పిస్తోలుతో కొట్టాను."

"మీరు నూతిలో ఉన్నారు గదండీ," అన్నాను.

"లేను. నూతిలో ఎవరూ లేరు. తూటా ఒకటే ఓర్ఫా. వాడి ఒంట్లోంచి తీసి చూసినా, ఏ నోట్లోంచి వచ్చిందో దేవుడు కూడా చెప్పలేడు."

"నేను చెప్తానండీ, జరిగింది జరిగినట్టు."

"నువ్వా? కొట్లో ఉప్పు అడగడానికే నా చొక్కా లాగుతావు. కోర్టులో నిలబడి నోరు విప్పగలవా?"

నేను చేతులకు ఎండిన పిండి రాల్చుకుంటూ నిలబడ్డాను.

"అదీ. మాట్లాడేది నేను," అన్నాడు.

సాయంత్రం షెరీఫు గారు ఇద్దరు మనుషులతో వచ్చారు. నా భర్త చెప్పింది చెప్పాడు. వాళ్ళు ఆకలి అన్నారు. పిండి పొంగి ఉంది. దాన్ని రెండు రొట్టెలు చేసి కాల్చాను. ఒకటి వాళ్ళు తిన్నారు. ఒకటి మిగిలింది.

మా పొరుగున ఉండే ముసలాయన లిండ్‌క్విస్ట్ కూడా వచ్చి, తను రెండు మోతలు విన్నానన్నాడు. షెరీఫు గారు స్కీల్‌ను బోర్లా తిప్పి చూశారు. గాయం వీపున ఉంది.

"ఎదురుగా నిలబడి కొట్టానన్నావు," అన్నారు.

షెరీఫు గారు లిండ్‌క్విస్ట్ వైపు చూసి, మళ్ళీ నా భర్త వైపు తిరిగారు.

"రెండు కొట్టావు. మొదటిది తప్పింది. వాడు పారిపోతుంటే వెనక నుంచి రెండోది కొట్టావు. దీన్ని ఏమంటారో నీకు తెలుసు గదా లెమ్?"

తూటా ఏ తుపాకీదో చెప్పదు గానీ, ఎటు నుంచి వచ్చిందో చెబుతుంది. మేము ఇద్దరమూ అది ఆలోచించలేదు. నన్ను తప్పించడానికి పేల్చిన మోతే ఆయన మెడకు తాడయింది. ఆయనను తీసుకుపోయారు. ఉరి తప్పదని వాళ్ళ మాటల్లో విన్నాను.

ఈ రోజు ఉదయం మిగిలిన రొట్టె తీసుకుని జైలుకు వచ్చాను. లోపలికి వెళ్ళే ప్రతి రొట్టెనూ జైలు కాపలాదారు ప్రూయెట్ గారు కోసి చూస్తారు. కత్తి మధ్యలో ఆగిపోయింది. ఆయన వేలితో తవ్వి ఒక ఇత్తడి డొప్ప తీశారు.

"ఏమ్మా, మొగుడికి ఆకురాయి పెట్టేవాళ్ళను చూశాను గానీ, ఖాళీ డొప్ప పెట్టేదాన్ని నిన్నే చూస్తున్నా! ఇది పెట్టి ఊచలు ఎలా కోస్తాడు?" అని ఆయన పడీ పడీ నవ్వారు.

ఊచల అవతల ఉన్న నా భర్త నవ్వలేదు. ఆయనకు అర్థమైంది. పిస్తోలు డొప్పలను బయటికి విసరదు, కడుపులోనే ఉంచుకుంటుంది. విసిరేది రైఫిల్, అది పడింది నా పిండిలో. పిండి పిసికే బల్ల దగ్గర నిలబడ్డది నేను. ఆయన ఊచల దగ్గరికి వచ్చి, "జేబులోంచి పడిందని చెప్పు. ఓర్ఫా, జేబులోంచి పడిందని చెప్పు," అని మెల్లగా అన్నాడు. నేను రొట్టె, డొప్ప ప్రూయెట్ గారి చేతిలోంచి తీసుకుని వీధి దాటి ఇక్కడికి వచ్చాను.

రెండూ ఈ బల్ల మీద ఉన్నాయి. రైఫిల్ లివర్ సందులో ఎండిన పిండి ఇంకా ఉంటుంది. చాంతాడు నూతి దగ్గర ఉంది. టోపీ నూతిలో ఉంది, ఎవరూ వెతకలేదు. పిస్తోలులో పేలిన డొప్ప ఒక్కటే ఉంటుంది, అదీ ఎవరూ చూడలేదు. రెండు మోతల మధ్య ఎంతసేపు పట్టిందో లిండ్‌క్విస్ట్ గారిని అడగండి. మధ్యలో ఒక పైపు పొగాకు తాగడం పూర్తయిందని ఆయన నాతో అన్నాడు. పారిపోయేవాడి కోసం ఎవరూ అంతసేపు ఆగరు.

మేజిస్ట్రేటు గారు, "ఇది రాస్తే కేసు నీ మీదికి వస్తుంది. తెలుసా అమ్మా?" అని అడిగారు. తెలుసండీ అన్నాను. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నారు.

"తెలుసండీ. కొట్టింది నేనే," అన్నాను. కిటికీ తెరిచి ఉంది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగారు. ఎదుటి జైల్లోంచి నా భర్త, "ఓర్ఫా!" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. నాకు వినపడింది. నేను తిరగలేదు.

వినపడినా తిరగని మనుషులు ఉంటారని అప్పుడు తెలిసింది.

ఇది నేను చెప్పగా గుమాస్తా గారు రాసి, నాకు చదివి వినిపించారు. నేను చూసింది, చేసింది తప్ప ఇందులో వేరే లేదు. వేలిముద్ర వేయమని సిరా ముందుకు జరిపారు. అక్కరలేదన్నాను. నా పేరు నాకు రాయడం వచ్చు.

ఓర్ఫా టాకెట్