విజయనగరం వెళ్ళిన ఎయిర్ రైఫిల్

హిందీ మాట్లాడే సుపేలాలో కొరియర్ ఆఫీసు మెట్ల మీద, స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన తాత తాను వెల్డింగు చేసిన ఇనప పెట్టె పక్కన కూర్చున్నాడు. కొత్తవాళ్ళ ముందు నోరు విప్పని మనవరాలు విజయనగరం పిల్లకి అమ్మేసిన తన ఎయిర్ రైఫిల్‌తో ఒక్కతే లోపలికి వెళ్ళి, ఉత్త చేతులతో బయటికొచ్చింది.

"ఏటే, తుపాకీ లాగీసుకున్నారేటి?"

"లేదు తాతా, ఒప్పుకున్నారు! విజయనగరం పంపిస్తారంట."

"నిన్న నన్ను గెంటీసినోడేనా?"

"నువ్వు 'బందూక్ హై' అని పెట్టె దబీమని టేబుల్ మీద పడేశావు మరి! భయపడడా?"

"నువ్వేటి సెప్పినావు?"

"నేనూ తుపాకీ అనే చెప్పాను. గాలితో పేలేది, లైసెన్సు అక్కర్లేనిది, లోపల గుళ్ళు లేవు, చూసుకోండి భయ్యా అని విప్పి చూపించాను. కొన్న బిల్లు, ఆధార్ కాపీ ఇచ్చాను."

"నువ్వే మాటాడినావా?"

"మేనేజరుతో కూడా!"

"మరి నా పెట్టి? లారీ ఎక్కినా సొట్టపడదే!"

"అందులో పెడితే బరువుకి ఛార్జీ తుపాకీ ధర దాటిపోద్ది తాతా. అట్టపెట్టెలో థర్మోకోల్ వేసి కట్టాను. చవగ్గా అయిపోయింది."

"కొనుక్కున్న పిల్లకి ఆదివారం పోటీలోపు అందుద్దా?"

"శుక్రవారానికే అందుద్దంట. లోపల్నుంచే ఆ పిల్లకి ఫోన్ చేసి చెప్పాను. అరువు తుపాకీ కూడా దొరకలేదంట, ఏడ్చేసింది."

"పాపం! ఏటన్నావు?"

"ఏడవకు, గురి చూసుకో అని గట్టిగా అరిచాను తాతా. అందరూ నావైపే చూశారు. చూడనీ అనుకున్నాను."