గులాబీ కాగితంలో రెండు ముక్కలు

హలో… ఆ, నేనే. మీనాక్షినే, అనిరుధ్ అక్కని.

గీతికా? … చెప్పమ్మా. ఎలా ఉన్నావు?

…బాగానే ఉన్నాం. అంటే, లేచి తిరుగుతున్నాం.

లేదు, బాపట్లలో లేను. బడికి సెలవు పెట్టి రేపల్లె వచ్చాను, అమ్మ దగ్గరికి.

…ఆ, వాడి కడ్డీ. ఇక్కడే ఉంది. వాడు పోయాక వాడి సామాన్లతో పాటు మీ ల్యాబ్ వాళ్ళే పంపారు కదా, చొక్కాల మధ్య పెట్టి. టైటానియం అల్యూమినైడ్ అని నేను ఎన్నిసార్లు చెప్పినా అమ్మకి అది "వాడి కడ్డీ"యే. దిండు పక్కనే పెట్టుకునేది. ఇనుములో సగం బరువే ఉంటుందని వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ పెట్టేది.

…వెనక్కి కావాలా?

ఊఁ. … మీరు తర్వాత పోత పోసినవి చల్లారేటప్పుడు పగిలిపోతున్నాయా? అన్నీనా? … వాడిదొక్కటే నిలిచింది. … అర్థమైంది. కోసి లోపల చూడాలి.

గీతికా, నీకో మాట చెప్పాలి. … నిలబడి ఉన్నావా? కూర్చో.

అది విరిగింది.

…

నిన్న. తెనాలిలో.

…లేదు, కింద పడలేదు. అమ్మ తీసుకెళ్ళింది, నాకు చెప్పకుండా, పొద్దున రైల్లో. మాకు బంగారప్పని చేసే వెంకటప్పయ్య గారని ఉన్నారు. నాకూ తమ్ముడికీ చెవులు కుట్టింది ఆయనే. కడ్డీ కొస తీసి, మెళ్ళో వేసుకోవడానికి చిన్న బిళ్ళ చేసిపెట్టమని అడిగిందట.

…అవును. బంగారంలా సాగుతుందనుకుంది.

ఆయన వద్దనే అన్నారట. "నాకు తెలిసిన లోహం కాదమ్మా ఇది, దీని జోలికి నేను పోను" అన్నారట. అమ్మ వింటేగా! "మా వాడు చేసిందయ్యా, ఒక్కసారి తట్టి చూడు" అంది. దాగలి మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ…

రెండు ముక్కలు. గాజు విరిగినట్టే విరిగిందట.

…నాకు తెలుసమ్మా. చల్లగా ఉన్నప్పుడు పెళుసు. వాడు చెప్పేవాడు. లోహాలన్నీ సాగుతాయని నేను పిల్లలకి పాఠం చెప్తానంటే ఫోన్లో ఒకటే నవ్వు. "మా లోహం మీ పుస్తకం చదవలేదక్కా" అని.

…ఆ, నాక్కూడా అప్పుడే ఫోన్ చేసేవాడు. కొలిమి చల్లారేదాకా కూర్చోవాలి, తొందరపెడితే పగులుతుంది అని. ఏమీ తోచక చేసేవాడు. నేనేమో దిద్దాల్సిన పేపర్లు ఉన్నాయని పెట్టేసేదాన్ని. … సరే, వదిలెయ్యి.

…అమ్మా? పక్క గదిలో ఉంది. నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఒకటే మాట. "విమానం ఇంజన్లో నిప్పుల మధ్య తిరిగేదంటారు, తెనాలిలో చిన్న సుత్తికి విరిగిందేంటే?" … నేనేం చెప్పను?

…విరిగిన చోటు చూడాలా? ఇప్పుడా?

ఉండు. గులాబీ కాగితంలో చుట్టి ఇచ్చారాయన, నగలు చుట్టినట్టు. … ఆ, విప్పాను. … లేదు, విరిగిన వైపు వేలు పెట్టలేదు. … భూతద్దమా? అమ్మ పంచాంగం చూసుకునేది ఉంది. — అమ్మా, నీ అద్దం తీసుకుంటున్నా. — ఆ, తెచ్చాను.

ఏం చూడమంటావు?

…రంగు. … మళ్ళీ చెప్పు, నెమ్మదిగా.

…అంటే, వేడిగా ఉండగానే లోపల పగులు వచ్చి ఉంటే, ఆ చోట గాలి తగిలి నీలంగానో గోధుమరంగుగానో మాడి ఉంటుంది. నిన్నటి దెబ్బకే విరిగితే అంతా ఒకేలా మెరుస్తుంది. అంతేనా? … ఊఁ.

మీ సార్‌కి ఆ అనుమానం ఉందా? వాడిదీ లోపల పగిలే ఉంటుందని?

…నీకు? … సరే, చెప్పొద్దులే.

ఒక్క నిమిషం ఆగు. చూసేముందు నన్ను కాస్త ఆలోచించుకోనీ. రంగు మారి ఉంటే, విరిచింది అమ్మ కాదు. ఎప్పుడో పగిలే ఉంది. ఆ మాట అమ్మకి చెప్పొచ్చు. కానీ అప్పుడు వాడికీ కుదరలేదన్నమాట. మారకపోతే, వాడు చేయగలిగాడు… విరిచింది అమ్మే.

…అవును. రెండూ దక్కవు.

…వద్దమ్మా. ఏదో ఒకటి చెప్పేద్దామనకు. అబద్ధమాడితే అమ్మ నా గొంతులోనే పట్టేస్తుంది.

చూస్తున్నాను.

…

అంచు నుంచి మధ్యకి పుల్లలు పేర్చినట్టుంది. అభ్రకంలా సన్నటి పొరలు… మెరుస్తోంది. … కిటికీ దగ్గరికే వచ్చాను. … తిప్పాను. … రెండో ముక్క కూడా చూశాను. నీలం లేదు. గోధుమరంగూ లేదు. … నడిమధ్య బెజ్జాలా? … అవీ లేవు.

ఎక్కడా లేదు, గీతికా.

…

గీతికా? … ఏడవకు. … సరే, ఏడువు. నేను లైన్లోనే ఉంటాను.

…

పనికొస్తాయా ఇవి? … దెబ్బ తగిలిన చోటు వదిలేసి మిగతాది కోసుకుంటారా. … చిన్న ముక్క పనికొస్తుందని నమ్మకం లేదా. సరే. ఉన్నది ఉన్నట్టు చెప్పావు.

కొరియర్ వద్దు, విసిరేస్తారు. నువ్వు తెనాలి దాకా రాగలిగితే స్టేషన్‌కి నేనే తెచ్చిస్తాను. … ఆదివారమా? రా.

ఉండు, అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

— ఫోన్లో గీతిక, అమ్మా. తమ్ముడితో పనిచేసిన అమ్మాయి. … లోపల పగులేమీ లేదు. వాడు పోసింది బాగా వచ్చింది. అక్కడ అందరివీ పగిలాయి, వాడిది పగల్లేదు. … లేదమ్మా. దానంతటది విరగలేదు. నిన్నటి దెబ్బకే.

…

గీతికా, ఉన్నావా? … చెప్పాను. "అయితే నేనే విరిచానులే" అంటోంది.

…లేదు, ఏడవటం లేదు. మళ్ళీ అదే. "వాడిది బాగుంది. నేనే విరిచా."

…ఏమోనమ్మా, నాకూ అర్థం కావట్లేదు. నిన్నటి నుంచి ఇప్పుడే నావైపు చూసింది.

కాగితం మళ్ళీ చుడుతోంది. … తనే. నన్ను ముట్టుకోనివ్వట్లేదు. … "బిళ్ళ వద్దు, కోసుకోమను" అంటోంది. విన్నావా?

— ఆ, ఇవ్వమ్మా. ఉండు, జారుతుంది. — గీతికా, రెండు చేతులూ కావాలి. ఫోన్ కింద పెడుతున్నాను.