గౌనిపల్లిలో పూసిన రంగు

తుడిచేస్తే పోయేదానికి అదేమన్నా ఇస్కూలు పలకా ఫాదర్? మనిషి మొగం అది. మా నాయన మొగం. గేటు బయట వ్యాన్‌లో శవాన్ని పెట్టుకోని ఉండాను, ఎండ ముదురుతాంది, మీరేమో "ముందు ఆ రంగు తుడువమ్మా జెసింతా, ఆ పైన సమాధి సంగతి చూద్దాం" అంటాండారు.

కోపం కాదు ఫాదర్. కోపం చేసుకునే ఓపిక నాకు యాడుండాది? గౌనిపల్లి నుంచి ఆ వ్యాన్‌లో కుచ్చోని వచ్చేపాటికి నడుం ఇరిగిపోయింది. చెప్పేది చెప్తాను, వినండి.

మీరు ఈ ఊరికి కొత్త. మా నాయన ఏసురత్నం పేరు విని ఉండరు. ఈ చాంపియన్ రీఫ్స్ గని కూలోళ్ల లైన్లలో ఏ ముసలోళ్లనైనా అడగండి, "గౌనిపల్లిలో ఆడదాన్ని పెట్టుకోని పెండ్లాన్ని వదిలేసినోడు కదా" అంటారు. నేనూ అదే అనుకుంటా పెరిగినాను. నాకు పాలపండ్లు ఊడే వయసులో పోయినాడు. మళ్లా ఇంటి గడప తొక్కలే.

ఎట్ల పుట్టింది ఆ మాట? ఒక ఆదివారం పూజకి కండ్లకి కాటుకతో వచ్చినాడంట. పని దినాల్లో అయితే ఎవురికీ తెలిసుండేది కాదు, గని షాఫ్ట్‌లోంచి పైకొచ్చే ప్రతి మొగోడి కంటి చుట్టూ నలుపే కదా! ఆదివారం దొరికిపోయినాడు. లైనంతా గుసగుసలు. ఇంగ మాయమ్మ జూలియా కొళాయి కాడ తన నోటితోనే చెప్పేసింది, "అవునమ్మా, గౌనిపల్లిలో ఎవతో ఉండాదంట" అని.

నిన్న ఫోన్ వచ్చింది. ఓబలప్పంట, నాటకాల హార్మోనియం మేష్ట్రు. "మీ నాయన పోయినాడమ్మా. మీయమ్మ పక్కనే పండబెట్టమని అడిగినాడు" అన్నాడు. పోకూడదనే అనుకున్నాను. పోయినాను. ఏ ఆడది ఏడుస్తాందో కండ్లారా చూద్దామని పోయినాను, ఏసయ్య క్షమించాల.

ఏ ఆడదీ లేదు ఫాదర్. అంతా మొగోళ్లే, నాటకమాడేవాళ్లు. మధ్యలో మంచం మీద ఒక రాణి! మొగం నిండా అర్దళం పచ్చరంగు, కండ్లకి కాటుక, పెదాలకి ఎరుపు, తలలో పూలు. అదే మా నాయనంట.

వాళ్ల కట్టుబాటు అది. బతికినన్నాళ్లు ఏ వేషం కట్టినోడైతే ఆ రంగుతోనే సాగనంపుతారంట. మా నాయన ముసలితనం దాకా రాణి వేషమే కట్టినాడంట. పద్యం ఎత్తుకుంటే పక్కూర్లోళ్లు బండ్లు కట్టుకోని వచ్చేవాళ్లంట. మొగోడని తెలిసీ ఆడోళ్లు తాంబూలం చేతిలో పెట్టి పోయేవాళ్లంట. నాకేం తెలుసప్పా! మా ఇంట్లో ఆయప్ప కూనిరాగం తీసింది కూడా నేను ఎరగను.

అది విని మెత్తబడినాననుకోకండి. ఇంగా మంట పుట్టింది. నాటకమే అయితే చెప్పొచ్చు కదా? మాయమ్మని అంత ఏడిపించేదెందుకు?

అప్పుడు ఓబలప్ప పెట్టె తెరిచినాడు. అన్నీ వేషానికి తొడిగే జాకెట్లు. సుమ్మనే ఒకటి తిరగేసినాను.

మాయమ్మ ఈ లైన్లలో అందరికీ జాకెట్లు కుట్టేది. హుక్కు కింద, లోపలివైపు, ఎర్రదారంతో ఇంత చిన్న శిలువ వేసేది. అది వేయకుండా బట్ట చేతికిచ్చేది కాదు. ఆ జాకెట్లన్నిట్లో ఉండాది ఫాదర్ ఆ శిలువ! మొగోడి భుజాలకి కొలత పట్టి కుట్టినవి. పాతవి చీకిపోయినాయి. కండ్లు మసకబారినాక కుట్టినవేమో, కుట్టంతా వంకరటింకర. "రాబర్ట్‌సన్‌పేటకొచ్చి నేనే తీసకపోయేవాణ్ణమ్మా" అంటాడు ఓబలప్ప.

మాయమ్మకి మొదట్నుంచీ తెలుసు.

మరి అట్లెందుకు చెప్పిందంటారా? నేనూ ఓబలప్పని అదే అడిగినాను. మొగుడు ఎవతినో పెట్టుకున్నాడంటే అందరూ అయ్యో పాపం అంటారు, బిడ్డని కాన్వెంట్‌లో చేర్చుకుంటారు. అదే మొగుడు చీర కట్టి, వేరే దేవుళ్ల కథలో రాణిగా ఆడతాండాడంటే? చర్చి మెట్టు ఎక్కనిస్తారా? బిడ్డని చేర్చుకుంటారా? ఇద్దరూ కూడబలుక్కోనే ఆ మాట పుట్టించినారంట. నాకోసమంట! నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలే. నేను ఆయప్పని నోటికొచ్చినట్ల తిట్టి ఇస్కూలుకి పోతే, ఆయమ్మ కుచ్చోని ఆయప్పకే జాకెట్లు కుట్టింది. నాకు ఎవురి మీద ఏడవాల్నో తెలీకుండా ఉండాది.

పోయినేడు మాయమ్మని బ్యాండు పెట్టి, పాటలు పాడి, లోపల పండబెట్టినారు. ఈయన గేటు బయట ఉండాడు.

తల ఊపకండి, నాకర్థమైంది. రంగుతో అయితే ఇక్కడ మట్టి దొరకదు. ఓబలప్ప తన మామిడితోట గట్టున చోటిస్తానన్నాడు, ఆడైతే రంగుతోనే పండుకుంటాడు. అయినా ఆయప్ప అడిగింది రంగు కాదు కదా. మాయమ్మ పక్కన చోటు అడిగినాడు. మీతో పోట్లాడల్లనే వచ్చినాను, బేజారైపోయింది ఫాదర్. తుడుస్తాను.

నీళ్లొద్దు, నీళ్లకి పోదంట. కొబ్బరినూనె ఉంటే ఇయ్యండి. ఒక మెత్తటి గుడ్డ.

ఇంగొకటి. వ్యాన్ కాడ ఎవుర్నీ ఉంచకండి. మీరూ రావద్దు. నేను పోయేపాటికే రంగు పూసేసి ఉండారు. చిన్నప్పుడు చూసిన మొగం గుర్తులేదు, ఇంట్లో మాయమ్మ ఒక్క ఫోటో కూడా మిగల్చలే. మా నాయన ఎట్లుంటాడో నేనింగా చూడలే ఫాదర్.