డాక్టరమ్మ వెంట పెన్న ఒడ్డున

సభాధ్యక్షులు ఆదినారాయణ గారికీ, వేదిక మీది పెద్దలకూ, ఇంత ఎండలో ప్రొద్దుటూరు నుంచీ పులివెందుల నుంచీ వచ్చిన మీ అందరికీ నమస్కారం. నేను సుందరమ్మను, రిటైరైన బడిపంతులమ్మను. మైకు తిరిగి ఇస్తానో లేదోనని అధ్యక్షులు అప్పుడే గడియారం చూస్తున్నారు. (నవ్వులు)

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ గ్రేస్ జయరత్నం గారు, శ్రీలంకలో యుద్ధం ముదిరిన రోజుల్లో, జాఫ్నా నుంచి ఒక్క పెట్టెతో మన జమ్మలమడుగు ఆసుపత్రికి వచ్చారు. గుండెజబ్బు వస్తే మంచం దిగకూడదని మనమంతా నమ్మే కాలమది. ఆమె మాత్రం చీర మీద కాన్వాసు బూట్లు వేసుకొని, కోలుకున్నవాళ్లను తెల్లవారగానే పెన్న ఒడ్డున మెల్లగా నడిపించేవారు. చూసినవాళ్లు నవ్వేవాళ్లు.

మా ఆయన ఏసయ్య కూడా గుండెనొప్పి నుంచి తేరుకొని ఆమె వెంట నడిచేవాడు. ఒకరోజు దారిలోనే కూలబడిపోయాడు. కబురంది నాతోపాటు మా మరిది పరుగెత్తుకొచ్చి, "యాడనుంచో వచ్చి మాయన్నను నడిపిచ్చి సంపుతాండావేందమ్మా?" అని కేకలేశాడు. ఆమె నాడి పట్టుకొని, నా వైపు తిరిగి, "పొద్దున తిన్నారా?" అని అడిగారు. తినలేదు, ఈస్టరుకు ముందు వచ్చే లెంటు ఉపవాసం, పైగా షుగరు మాత్ర వేసుకున్నాడు, ఒంట్లో చక్కెర పడిపోయింది. చక్కెర నీళ్లు తాగించగానే లేచి కూర్చున్నాడు.

కానీ డాక్టరమ్మ రోగులను నడిపించి చంపుతోందన్న పుకారు అప్పటికే ఊరంతా పాకింది. మర్నాటి నుంచి నడకకు ఎవరూ రాలేదు. ఆమె ఒక్కరే మా వీధిలోంచి వెళ్లేవారు, ఎవరినీ పిలిచేవారు కాదు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది.

ఒకనాడు మా ఆయన మంచం దిగి, "మే, నా చెప్పులు యాడుండాయి?" అన్నాడు.

"యాడికి?"

"ఆయమ్మ ఒక్కతే పోతాండాది, సూడు."

మరిది అడ్డం నిలబడ్డాడు. "తప్పుకోరా, అప్పా. పండుకోని పండుకోని శానా విసుగొచ్చింది" అని మా ఆయన నా చెయ్యి పట్టుకొని వీధిలోకి నడిచాడు. వారం తిరక్కముందే మిగతావాళ్లూ వచ్చారు.

అన్ని మాటలు పడి కూడా ఎందుకు మానలేదని తర్వాత ఆమెనడిగాను. "మానేస్తే ఆ మాటలు నిజమని ఒప్పుకున్నట్టే, ఇక ఈ ఊరు వదలాలి సుందరమ్మా. నాకు పోవడానికి ఇంకో ఊరు లేదు" అన్నారు.

మా ఆయన నిండుగా బతికి, మనవరాలి పెళ్లి చూసి, నిరుడు పోయాడు. మేము కలిసి గడిపిన ఆ ఏళ్లకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియదు, డాక్టరమ్మా.

ఒక్క మాట చెప్పి దిగిపోతాను. వెనక బ్యానరు మీద 'వీడ్కోలు' అని రాశారు, అది తప్పు. డాక్టరమ్మ మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు, నిన్న పాలు కూడా పొంగించాం. (చప్పట్లు)

ఓపికగా విన్నారు, ధన్యవాదాలు. నాకు సెలవిప్పించండి. ఆమెకు మాత్రం ఇవ్వకండి.