శ్రీశైలం పోయొచ్చిన గడ్డి మిషను

కల్లూరులో సిద్దమ్మ టీ అంగడి ముందు బసవరాజు బండి ఆగింది. బండిలో ఆయిలింజన్ ఉంది. బాయి ఎండిపోయింది, వానలు పడేదాకా ఇంజన్‌ను భద్రం చేయాలి. నాలుగేళ్ల శనగకాయ పంట పెట్టి కొన్న ఇంజన్. దాన్ని మెకానిక్ బొజ్జన్న షెడ్డులో వదలాలా, ఇంటికే తోలుకుపోవాలా అని బసవరాజుకు అనుమానం. టీ కూడా బండి మీద చెయ్యి వేసుకునే తాగుతున్నాడు.

నేను ఊరుకుంటానా? పక్క బల్ల మీదే టీ తాగుతున్న బొజ్జన్నను కదిలించాను.

"బొజ్జన్నా, నువ్వు మూలకు పెట్టిన మిషను మళ్ల లేచిన దాఖలా ఉండాదా?"

"దాఖలానా! కర్నూలు రాజధాని అయినంక ఒక పెద్దాఫీసరు బంగళాకు గడ్డి కోసే మిషను తెచ్చిరి కదప్పా. పోయిన ఎండాకాలం గడ్డి మాడిపాయె, మిషనుకు పనిలేకపాయె. దొర నన్నే పిలిపించె. ట్యాంకులో పెట్రోలంతా దించేస్తి, ఉంటే బంక కడతాది. పాత ఆయిలు తీసి కొత్తది పోస్తి. ఆ తర్వాత ఏం చేసినానో తెలుసా? ప్లగ్గు ఊడదీసి, ఆ బొక్కలో చెంచాడు ఆయిలు పోసి, తాడుతో నాలుగు తిప్పులు తిప్పితి. ఇంక లోపల తుప్పు పడితే అడుగు!"

"ప్లగ్గంటే ఏంది?" బసవరాజు కళ్లు చిన్నవి చేశాడు.

"ఇంతుంటాది," బొజ్జన్న బొటనవేలు చూపించాడు. "పైన తెల్ల పింగాణీ మెడ, కింద మరలు తిరిగిన ఇనుము. నిప్పు పుట్టేది ఆడనే. అది లేకుంటే మిషను పీనుగే."

పాలగిన్నె మూత తీయబోయిన సిద్దమ్మ చెయ్యి అక్కడే ఆగింది.

"గోనెపట్ట చుట్టి, ఇటుకల మీద పెట్టి వస్తి. వానలు పడినంక దొర ముందర తాడు పట్టుకున్నా. లాగలేదప్పా, ఊరికే పట్టుకున్నా! బర్రుమని లేచె. ఒక్క నిమిషంలో బంగళా గడ్డంతా గొరిగి, గోడ దూకె."

"గోడనా?"

"నిలువెత్తు గోడ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆత్మకూరు దాటి, అడవిలో బోదగడ్డి కోసుకుంటా శ్రీశైలం చేరె. అది కోసిన దారినే ఇప్పుడు జనం కొండకు నడుస్తాండారు!"

"పెట్రోలు ఎవరు పోసిరి?" బసవరాజు అడిగాడు.

"పెట్రోలెందుకు? నేను పోసిన ఆయిలు వాసనకే నడిచినాది! కృష్ణలో దిగి, నీళ్లను కోసి, అవతల హైదరాబాదు సీమ గడ్డి కూడా కోసి, పొద్దుగూకేలోపల తిరిగొచ్చి, గోనెపట్ట తానే కప్పుకొని పండుకునె."

సిద్దమ్మ పాలగిన్నె మూత మీద బరువుగా పెట్టుకున్నదాన్ని తీసి, కొంగుతో తుడిచి, అతని ముందు పెట్టింది. తెల్ల మెడ, కింద మరలు.

"బొజ్జన్నా, పోయిన ఎండాకాలం టీ తాగి ఈడనే మరిచిపోతివి. అడుగుతావేమో, అడుగుతావేమో అని ఏడాదిగా సూస్తాండా."

బొజ్జన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సూడండప్పా! ఇది లేకనే శ్రీశైలం పోయొచ్చె. ఉండుంటే కాశీకి పొయ్యేది కాదా!"

అందరం పడి పడి నవ్వాం. బసవరాజు నవ్వలేదు.

"అయితే ఆ దొర మిషను ఇంగా ఇటుకల మీదనే ఉండాదా?"

బొజ్జన్న ఖాళీ గ్లాసును మళ్లీ తాగాడు.

బసవరాజు ఎద్దుల్ని ఇంటివైపు తిప్పాడు. "పనోడివి, కాదనను. నువ్వే మా కొట్టానికి రాప్పా. సిద్దమ్మక్కా, నువ్వూ ఎక్కు. ఆయప్ప ఊడదీసినవన్నీ నీ కొంగులో మూట కట్టుకుందువు."